మెత్తన అని అర్థమట

ఆగస్టు 3, ఆదివారం

చర్చిలో ఇవాళ దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ళ జాబితా చదివారు అయ్యగారు. 'ఆడంగితనము' దగ్గర ఆగి కీబోర్డు వైపు చూశారు. అక్కడ జోయెల్, నా కూతురి కొడుకు. తనకు మగవాళ్ళంటేనే ఇష్టమని పోయిన వారం నాకు చెప్పిన మర్నాడే ఆయనకూ చెప్పుకున్నాడు, నమ్మి. చివరి పాటకు కీబోర్డు మోగలేదు. వాడు లేడు.

బయట అయ్యగారిని అడిగాను. "నేను చదివిన, అంతేనమ్మా. రాసింది నేను కాదు."

"అదే జాబితాల తిట్టుబోతులు గూడ ఉన్నరు అయ్యగారూ. ఆడ ఎందుకు ఆగలే? తిట్టుబోతును నేను ముందు బెంచీలనే కూసున్న గద."

గొడుగు విప్పుకొని వెళ్ళిపోయారు. వాన లేదు.

ఆగస్టు 5

జోయెల్ ఫోన్ ఎత్తడు.

ఆగస్టు 6

అడిక్‌మెట్ — బైబిలు కాలేజీలో గ్రీకు చెప్పి రిటైరైన మాస్టారి ఇల్లు. మన తెలుగు బైబిలులో ఆడంగితనమైన మాట, మూలమైన గ్రీకులో 'మెత్తన' అట. బట్టకూ అదే మాటట. జాబితాలో దాని పక్క మాట, 'పురుషసంయోగులు', ఇంకా చిక్కు. జాబితా రాసిన అపొస్తలుడే ఆ మాట కొత్తగా కట్టి ఉంటాడంటారు కొందరు.

"అయితే అయ్యగారు చెప్పేది తప్పేనా?"

"అట్లనలే. ఆ రెండో మాట, మగోడు మగోనితోని పండొద్దన్న లేవీయకాండంల కెల్లి తెచ్చి అతికినట్టున్నది. అయ్యగారి బలం అదే. మనుషులను కొనుక్కొని వాడుకునేటోళ్ళ గురించే అన్నడనేటోళ్ళు గూడ ఉన్నరు. నలభై ఏండ్లు చెప్పిన. నాకు తేలలే."

తేలలేదనే మాట ప్రసంగ వేదిక మీద ఒక్కసారైనా వినలేదు నేను.

ఆగస్టు 8

జోయెల్ చదివే క్యాంపస్‌కు పోయాను. హాస్టల్ ముందు టీ బండి. గ్రీకు మాట కాగితం మీద రాసుకొని మరీ... ముప్పై ఏళ్ళు ఇక్కడే తెలుగు చెప్పినదాన్ని, పాఠం చెప్పకుండా ప్రేమించడం రాదు.

"మెత్తన అని అర్థమటరా."

టీ గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"గ్రీకుల ఏమున్నదో నాకెందుకమ్మమ్మా. ఆ మాట నాకు తెలుగుల నేర్పింది నువ్వే."

వేసవి బైబిలు బడి. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. ఆడంగితనమంటే ఏందని ఎవరో అడిగారట. నేను కొంగు దోపుకొని, నడుము తిప్పుతూ, బోర్డు నుంచి కిటికీ దాకా నడిచి చూపించానట.

"అందరు నవ్విన్రు. నేనింకా గట్టిగ నవ్విన. నవ్వకపోతే దొరికిపోత గద."

నాకు గుర్తులేదన్నాను.

"నీకెందుకుంటది."

ఆగస్టు 9

గుర్తొచ్చింది. చేతిలో సుద్దముక్క కూడా ఉంది.

ఆగస్టు 12

జోయెల్‌కు మెసేజ్ పెట్టాను — ఆదివారం చర్చి స్త్రీల సమాజంలో లేచి, బైబిలు బడిలో నేను చేసింది నా నోటితోనే చెప్తానని. "నీ ఇష్టం" అని వచ్చింది.

ఆగస్టు 17, ఆదివారం

లేచి నిలబడ్డాను. గ్రీకు కాగితం సంచిలోనే ఉంచాను. ఆ రోజు పిల్లల ముందు ఎట్లా నడిచానో చెప్పాను. నడవలేదు, చెప్పానంతే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత గది గదంతా.

"టీచరమ్మ చెప్తే సినిమానే పో."

నేనింకా తప్పు దగ్గరికే రాలేదు. వాళ్ళ నవ్వు ఆగడం లేదు. చేయెత్తి అనేశాను — "నవ్వకుండ్రి. ఆ పిల్లలల్ల నా మనుమడున్నడు. వాడట్లాంటోడే."

ఆగిపోయింది నవ్వు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ప్రార్థన చేసి సమోసాలు పంచారు.

నా తప్పు చెప్తానని వెళ్ళి వాడి మాట చెప్పి వచ్చాను. అయ్యగారు చూపుతో చేశారు. నేను నోటితో.

సాయంత్రం ఆరు. జోయెల్ మెసేజ్ — "చెప్పినవా? ఏమన్నరు?"

'చెప్పిన' అని కొట్టి పంపాను. రెండో ప్రశ్న అట్లాగే ఉంది. రెండుసార్లు రాసి చెరిపాను...

వాడు ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.