ముందు పళ్ల సందు

జూన్ 3

డెంటల్ టెక్నీషియన్ కోర్సు కదా, ప్లేస్‌మెంట్ తప్పదంటూ కాలేజీ వాళ్లు నన్ను తీసుకొచ్చి కట్టుడు పళ్ల ల్యాబ్‌లో పడేశారు. రోజంతా ప్లాస్టర్ కలపడమే. ఇంటికొచ్చేసరికి జుట్టంతా తెల్లగా ఉంది. పిండిమిల్లులో చేరావేంటే అని అమ్మ ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 4

మళ్లీ ప్లాస్టర్.

జూన్ 16

హమ్మయ్య! ల్యాబ్ మేడమ్ నా చేతికి అసలైన కేసు ఇచ్చింది. ఎవరో పెద్దావిడకి ఫుల్ సెట్. ముందు మైనంలో పళ్లు అమర్చాలి. ఆవిడ ఒక పాత ఫోటో కూడా పంపిందట. అందులో ఆవిడా, చెల్లెలూ పగలబడి నవ్వుతున్నారు. ఇద్దరికీ ముందు పళ్ల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు. ఫోటో ఎదురుగా పెట్టుకుని చెయ్యి అని చెప్పి మేడమ్ సెలవు మీద వెళ్లింది.

జూన్ 17

సందు మూసేశాను. ప్రాక్టికల్స్‌లో సందు కనిపిస్తే మార్కులు కోసేస్తారు. వయసులో లేని అందం ఆవిడకి ఇప్పుడొస్తుంది, పోయేదేముంది? ముత్యాల్లా కుదిరాయి.

జూన్ 19

మైనం సెట్టు పట్టుకుని క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్‌గారు పెద్దావిడ నోట్లో పెట్టి అద్దం ఇచ్చారు. ఆవిడ చాలాసేపు చూసుకుంది. పక్కనున్న చెల్లెలు, అక్కా ఇదేంటే అనబోతే చెయ్యి నొక్కింది. నా వైపు తిరిగి, నువ్వే చేశావా తల్లీ, చదువుకుంటున్నావా, దీనికి మార్కులేస్తారా అని అడిగింది. వేస్తారండీ అన్నాను. అయితే చాలా బాగున్నాయి అంది.

డాక్టర్‌గారు శభాష్ అన్నారు. మీ మేడమ్‌కి చెప్తానన్నారు.

ఆవిడకి నచ్చలేదని నాకు అప్పుడే అర్థమైంది. డైరీలో కూడా అబద్ధమెందుకు? చెల్లెలు మాట్లాడినప్పుడు ఆ సందు కనిపించింది, ఫోటోలో ఉన్నట్టే. పళ్లు ఇంకా మైనంలోనే ఉన్నాయి, కాస్త వేడి చేసి జరిపితే అయిపోయేది. సారీ అండీ, మార్చి తెస్తాను అంటే చాలు. ఆ శభాష్ ఎక్కడ పోతుందోనని నోరు కుట్టేసుకున్నాను.

జూన్ 24

మేడమ్ తిరిగొచ్చేసరికి సెట్టు గట్టి ప్లాస్టిక్‌లో తయారై ఆవిడకి చేరిపోయింది. నా ఫోన్లో పళ్లు చూసి మేడమ్ అగ్గిమీద గుగ్గిలమైంది. ఫోటో ఎందుకిచ్చాననుకున్నావ్, గోడకి తగిలించుకోడానికా అంది.

కాలేజీలో నేను పళ్లు అమర్చినవన్నీ బొమ్మ నోళ్లే. అవి అద్దం చూసుకోవు. వాటికి చెల్లెళ్లు ఉండరు. ఈ ప్లేస్‌మెంట్ ఎందుకో ఇప్పుడు తెలిసింది, ఏం లాభం?

పెద్దావిడకి నేనే ఫోన్ చేశాను. మళ్లీ కొత్తగా చేసిస్తానండీ అన్నాను. వద్దమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాయి, రోజూ పెట్టుకుంటున్నా, నువ్వు బాగా చదువుకో అంది. ఎంత బతిమాలినా వినలేదు.

జూలై 10

ప్లేస్‌మెంట్‌లో ఎ గ్రేడ్. అమ్మ ఈసారి నవ్వలేదు, పిన్నికీ అత్తకీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చాను.

ఆగస్టు 2

బస్టాప్‌లో అక్కాచెల్లెళ్లు. పెద్దావిడ బోసినోటితో పగలబడి నవ్వుతోంది. నన్ను చూసింది. గబుక్కున అటు తిరిగి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డబ్బా తీసి, పళ్లు పెట్టుకుని, ఇటు తిరిగి నవ్వింది.

మార్కులు ఎప్పుడో వేసేశారని ఆవిడకి తెలియదు.