పదకొండో ప్రశ్నకు మా అమ్మ చెప్పిన జవాబు

ఆహార భద్రత విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మాది ఆకలి లేని కుటుంబమని పొరపాటున నమోదై రేషన్ కార్డు రద్దయినందున, సదరు పొరపాటును సవరించి కార్డు పునరుద్ధరించుట గురించి.

నేను ముద్రణాలయంలో బైండింగు పని చేయు రోజుకూలీని. తమ విభాగం వారు నిరుడు వెలువరించిన ‘ఆహార భద్రత, సుస్థిర అభివృద్ధి: పరిపాలనా విధానం’ అను మూడు వందల పన్నెండు పేజీల గ్రంథాన్ని కుట్టి, జిగురు పూసి, అట్ట వేసినది ఈ అర్జీదారుడే. నాలుగు వందల ప్రతులు. కుడుతూ కుడుతూ చదివాను. ఈ అర్జీలో భాష అక్కడక్కడ తమదిలాగే తోచినచో, అది ఆ పుస్తకం నుండి నాకు అంటుకున్నదని గ్రహించి మన్నించగలరు.

1. నాలుగు నెలల క్రితం తమ విభాగం పంపిన సర్వే ఉద్యోగి ఒకరు మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఇంటికి విచ్చేసిరి. నేనూ నా భార్యా పనుల మీద ఉన్నాము. ఇంట్లో మా అమ్మ, సెలవు కావడం వల్ల తొమ్మిదేళ్ల మా కూతురు మాత్రమే ఉన్నారు. ఒంటిగంట అనునది సర్వేకు అనువైన సమయమే అయి ఉండవచ్చును. మా అమ్మ ఉన్న ఇంటికి మాత్రం కాదు.

2. సదరు ఉద్యోగి పదకొండో ప్రశ్న అడిగిరి: “గత ముప్పై రోజుల్లో తిండి చాలక మీ ఇంట్లో ఎవరైనా పూట భోజనం మానేశారా?” మా అమ్మ ఇచ్చిన జవాబు, మా కూతురి వాంగ్మూలం ప్రకారం, ఈ క్రింది విధంగా ఉన్నది:

“అదేం మాట నాయనా! మాకేం తక్కువ? అది సరేగానీ, నువ్వు తిన్నావా? ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో. లే, చేతులు కడుక్కో.”

ఆయన వద్దన్నారట. మా అమ్మ దగ్గర ఆ మాట చెల్లదు. రాత్రికని ఉంచిన అన్నం, మా కూతురికని ఉడికించిన ఒకే ఒక్క గుడ్డు ఆయన కంచంలోకి వెళ్లాయి. అడగనిదే అమ్మయినా పెట్టదని లోకోక్తి. మా అమ్మ అడగకుండానే పెడుతుంది, మా కుటుంబం ఎదుర్కొనుచున్న ప్రధాన సమస్య ఇదే.

3. ఆ ఉద్యోగి చేతులు తుడుచుకొని ఫారంలో ఇట్లు వ్రాసిరి: “పస్తులు: సున్నా. అతిథికి గుడ్డుతో భోజనం పెట్టగల స్థోమత కలదు.” మరుసటి నెల మా కార్డు రద్దయినది.

4. నేను తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చితిని. మూడోసారి నాలుగో కిటికీలోని గుమాస్తా గారు, మేము పస్తున్నప్పుడు కళ్లారా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావలెననిరి. ఎదురింటి మంగలి మాకు ఆప్తుడు గనుక అతన్ని అడిగితిని. అతను గడ్డం గీస్తున్న కత్తి ఆపి, “నేనా? మీ ఇంట్లో ఈ నెలలోనే నాలుగుసార్లు తిన్నాను బావా. ఏ ముఖం పెట్టుకుని సంతకం చేయను?” అన్నాడు. విచారించగా మా వీధిలో మా అమ్మ చేతి అన్నం తినని సాక్షి ఒక్కరూ దొరకలేదు. ఈ సంగతి విన్నవించగా గుమాస్తా గారు, “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది మీ యవ్వారం” అని సెలవిచ్చిరి. ఆయన మాట కాదనలేక తిరిగి వచ్చితిని.

5. ఐనను తమరు దయతో పునఃపరిశీలనకు ఆదేశించిరి. ఆ ఉదయం నేను మా అమ్మను కూర్చోబెట్టి చెప్పితిని.

“అమ్మా, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“ఎప్పుడు లేనిది చెప్పాన్రా?”

“చాలడం లేదని చెప్పు. అంతే.”

“పరాయివాళ్ల ముందు ఆకలని నోరు తెరవమంటావా? మీ నాన్న పోయిన ఏడు కూడా తెరవలేదు.”

పరిశీలనకు వచ్చిన మేడం గారు పన్నెండున్నరకు వచ్చిరి. డబ్బాలో గ్లాసుడు బియ్యం కూడా లేవు. ఆ మాట మేడం గారి చెవిన పడకుండా మా అమ్మ పెరటి దారిన వెళ్లి, మంగలి భార్య దగ్గర బియ్యం బదులు తెచ్చి వండి పెట్టినది. మేడం గారు ‘మొదటి నివేదిక సరియైనదే’ అని ధ్రువీకరించిరి. రెండోసారి వడ్డించుకున్నారని కూడా మా కూతురు చెప్పుచున్నది.

6. ప్రస్తుత పరిస్థితి: బియ్యం బజారు ధరకు కొనుచున్నాము. నెలలో పదో తేదీ దాటితే కొలత తగ్గించుచున్నాము. పెద్దవయసు రీత్యా మా అమ్మకు రాత్రిపూట తినే అలవాటు లేదు గనుక, రాత్రికి ముగ్గురికే వండుచున్నాము. తమ గ్రంథం 187వ పేజీలో ‘ఏ ఒక్కరినీ వెనుక వదలరాదు’ అని ఉన్నది. ఆ కాగితం మడిచింది నేనే గనుక బాగా గుర్తు.

అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు మాటలు రావడం లేదు. మొన్న మా పిల్ల అన్నం తిన్నాక, ఎవరూ చూడటం లేదనుకుని గిన్నె అడుగు వేలితో గీకి నాకింది. నేను చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను. నాకు చాలా సిగ్గేసింది. మా అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

(అ) మా కార్డు తక్షణం పునరుద్ధరించవలెను.

(ఆ) ఇకపై పరిశీలనకు వచ్చువారు ఇంటివద్దనే భోజనం ముగించుకొని, కడుపు నిండినట్లు ముఖంలో కూడా కనబడునట్లు రావలెను. మా అమ్మను ప్రశ్న అడగక, బియ్యం డబ్బా మూత తీసి చూడవలెను.

(ఇ) మా ఇంట తిని, మాకు ఆకలి లేదని వ్రాసిన ఇద్దరు ఉద్యోగులపై తగు క్రమశిక్షణా చర్య తీసుకొనవలెను.

జవాబు ఇంటికి పంపినచో అమ్మ చేతిలో పడును గనుక ముద్రణాలయం చిరునామాకు పంపి, ఈ విన్నపమును ఖాళీ కడుపున కాకుండా తీరికగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బైండింగు రోజుకూలీ

తా.క.: (ఇ) కొట్టివేయడమైనది. సిరా మరక పడినందుకు మన్నించగలరు. నేను కవరు కోసం వెళ్లి వచ్చేలోగా మా కూతురు ఈ అర్జీ మొత్తం నాయనమ్మకు చదివి వినిపించింది. అమ్మ గుమ్మంలోనే నన్ను పట్టుకుంది.

“పెట్టింది తిన్నందుకు మనుషుల ఉద్యోగాలు తీయిస్తావా? అతను వద్దు మొర్రో అన్నాడు. నేనే బలవంతాన పెట్టాను. ఆ అమ్మాయి కూడా అంతే. కొట్టెయ్ ఆ ముక్క.”

“కొట్టేస్తే వాళ్లు రాసిందే నిజమవుతుందమ్మా.”

అమ్మ గడప మీద కూర్చుంది. తర్వాత, “వాళ్లు నేను చెప్పిందేగా రాశారు. అబద్ధం నాది. ఆ ప్రశ్నేదో మళ్లీ చదువు” అంది.

చదివాను. అమ్మ గోడకేసి చూస్తూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

“పంతొమ్మిది పూటలు అని రాయి. అన్నీ రాత్రిళ్లే. ఇరవై అనేదాన్నే గానీ, ఒకరోజు మంగలి పెళ్లాం ఇంత అన్నం పంపింది. ఆఫీసరు గారికి ఎక్కువ చేసి చెప్పకూడదు.”

కావున పదకొండో ప్రశ్నకు జవాబు ‘సున్నా’ బదులు ‘పంతొమ్మిది’గా సవరించుకొనవలెను. ప్రక్కన ఉన్నది మా అమ్మ వేలిముద్ర.

సాక్షులు కావాలన్నారు కదా, నన్ను రాసుకోండి. ఆ పంతొమ్మిది పూటలూ నేను ఆమె ఎదురుగానే కూర్చుని తిన్నాను.