నా పొట్ట మీది నీలం

జులై 27, బుధవారం

బుధవారం సాయంత్రాలు సరస్సు ఒడ్డున ఆడవాళ్ళ సౌనా, కాలే రాళ్ళ గదిలో ఆవిరి స్నానం. ఏళ్ళ తరబడి వెళ్ళినదాన్ని, జనవరి నుంచి మానేశాను. ఇవాళ నేను నడిపే బస్సే ఎక్కింది హిల్కా. భుజాన తువ్వాలు, చేతిలో ఆవిట్లో ఒంటికి తట్టుకునే బర్చ్ కొమ్మల కట్ట. ఆ సౌనాకి పెద్ద దిక్కు ఆవిడే. ఒంట్లో ఎలా ఉందే ఇర్మెలీ అని అడిగింది. బాగానే ఉందన్నాను. మరి రావేం అంది. వెనక జనం ఎక్కాలి, జరుగు అన్నాను.

అక్కడ బట్టలుండవు. అందుకే వెళ్ళను. జనవరిలో నా పెద్ద పేగు మొత్తం తీసేశారు. చిన్న పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, దానికొక బ్యాగు తగిలించారు. తిన్నది అందులోకే వస్తుంది. అంతే సంగతి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

జులై 29, శుక్రవారం

బ్యాగులిచ్చే నర్సు ఒక ఫోన్ నంబర్ చేతిలో పెట్టింది. యూనివర్సిటీలో ఔతి అనే అమ్మాయి పరిశోధన చేస్తోందట. అడవి బ్లూబెర్రీలు తింటే వాటిలోని మంచి ఎంతవరకు ఒంటికి పడుతుందో చూస్తారట. బ్యాగున్నా పరవాలేదా అని ఫోన్లో అడిగాను. పరవాలేదు కాదండీ, బ్యాగున్నవాళ్ళే కావాలి అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఇల్పోకి చెప్పాను. నా మొగుడు నోరు విప్పడం అరుదు. ఇవాళ విప్పాడు. నీ బ్యాగులోది తీసుకెళ్ళి వాళ్ళు ఫ్రీజర్లో పెడతారా అన్నాడు. పెడతారన్నాను. అందరికీ అల్సర్ ఆపరేషన్ అని చెప్పి ఉంచాను కదే అన్నాడు. చెప్పమని నేనడిగానా అన్నాను. గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పోయాడు. రెండు చలికాలాలకు సరిపడా కట్టెలు ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి.

ఆగస్టు 6, శనివారం

ఇవాళా రేపూ పథ్యం. పండు, కూర, చాక్లెట్, రై గింజల నల్ల రొట్టె, ఏవీ కూడదు. టీ వద్దు. కాఫీ కూడా వద్దట! బెర్రీల్లో ఉండే సరుకు లాంటిదే వాటిలోనూ ఉంటుందట, లెక్క చెడుతుందట. ఔతి చాలా మెత్తగా చెప్పింది. మెత్తగా చెప్పినా కాఫీ కాఫీయే.

ఇల్పో పొద్దున్నే అడవికి పోయి బకెట్ నిండా బెర్రీలు కోసుకొచ్చాడు. నాలుక నీలం, పెదాలు నీలం, మీసం అంచులు కూడా నీలం. నేను తెల్ల రొట్టె, ఉడకేసిన కోడి తింటుంటే ఎదురుగా కూర్చుని పాలల్లో బెర్రీలు వేసుకుని తిన్నాడు. కావాలనే.

ఆగస్టు 7, ఆదివారం

కాఫీ లేదు. నాతో ఎవరూ మాట్లాడవద్దు.

ఆగస్టు 8, సోమవారం, ఉదయం 8.30

ఆసుపత్రిలో రక్తం తీయడానికి చేతికి సూది పెట్టి ఉంచారు. మాటిమాటికీ పొడవనక్కర్లేదు. పెద్ద గిన్నెడు బెర్రీలు, కాస్త తెల్ల పెరుగు. గిన్నె నాకినంత పని చేశాను. బ్యాగులో ఏముందో బయటికి కనపడాలని, నేను ఇంట్లో వాడే చర్మం రంగుది తీయించి గాజులా కనపడే బ్యాగు పెట్టించారు.

ఉదయం 11

బ్యాగులోకి నీలం దిగింది. ముదురు ఊదా నీలం, సిరా లాగా. ఔతి ముఖం వెలిగిపోయింది. దీన్ని చూసి మొహం తిప్పుకోని మొదటి మనిషి. నర్సుల్ని లెక్కలోకి తీసుకోను, వాళ్ళకది ఉద్యోగం.

ఒక పెద్ద డాక్టరు తన విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చాడు. నావైపు చెయ్యి చూపించి, ఇది పెద్ద పేగు లేని మోడల్ అన్నాడు. మోడల్ని కాదు, బస్సు డ్రైవర్ని అన్నాను. పిల్లలు నేల చూపులు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సారీ అన్నాడు. అది కూడా నా పొట్టకేసి చూసే అన్నాడు. నా మొహం పైన ఉంది అన్నాను.

సాయంత్రం 6, ఇంట్లో

కాఫీ. రెండు కప్పులు. ఇప్పుడు రాయగలను.

వచ్చేముందు ఔతిని అడిగాను, ఇంతకీ నేను తిన్నది ఎటు పోయిందని. కాగితం మీద గీసి చెప్పింది. బెర్రీల రంగులో కొంచెమే, చాలా కొంచెమే, పొట్టలోంచీ చిన్న పేగులోంచీ రక్తంలోకి పోతుందట. గంటా రెండు గంటల్లోనే. కాలేయం దాని రూపు మార్చేస్తుంది. తర్వాత మూత్రంలో వెళ్ళిపోతుంది. మిగతాదంతా కిందికి, పెద్ద పేగులోకి. అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు దాన్ని కొరికి చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు మర్నాటి దాకా మెల్లగా రక్తంలో కలుస్తూ ఉంటాయి. ఎక్కువ భాగం ఒంటికి పట్టేది ఆ దారినే అని ఇప్పుడు అనుకుంటున్నారట. మామూలు మనుషుల్లో కిందికి ఎంత వెళ్ళిందో తెలియదు, చూసేలోపే మారిపోతుంది. మీలో అయితే గుమ్మం దగ్గరే ఆగి కనపడుతుంది, మీరు లేకపోతే మాకీ లెక్క తేలదు అంది.

అయితే ఆ రెండో దారి నాకు లేదన్నమాట అన్నాను.

ఔతి అబద్ధం ఆడలేదు. దాదాపుగా లేదండీ అంది.

ఆగస్టు 9, మంగళవారం

నిద్ర లేచిన దగ్గర్నుంచీ కోపం. ఎవరి మీదో తెలియదు. నడవడం వచ్చినప్పటి నుంచీ మా అమ్మ వెనక బెర్రీలు ఏరినదాన్ని. ఒంటికి మంచిది తిను, తిను అనేది. ఇప్పుడు తెలిసింది, తిన్నదాంట్లో ఎక్కువ భాగం నన్ను దాటుకుని పోతోందని.

బకెట్ తీశాను. గిన్నె నింపాను. ఇల్పో చూస్తున్నాడు. నీకు పట్టదని చెప్పారు కదా అన్నాడు. కొంచెం పడుతుంది అన్నాను. ఆ కొంచెం నాది. ఎవరికీ వదలను. పైగా రుచి నాలుకకి తెలుస్తుంది, దానికి పేగుతో పని లేదు.

రెండో గిన్నె ఇల్పోనే నింపి ఇచ్చాడు.

ఆగస్టు 14, ఆదివారం

హిల్కా ఫోన్. ఇల్పో కట్టెలు కొడుతూ పక్కింటాయనకి నిజం చెప్పేశాడట. అది సౌనా దాకా పాకింది. తప్పుగా అనుకోకే ఇర్మెలీ, మన వాళ్ళలో కొందరు ఇబ్బంది పడుతున్నారు, అందరూ దిగే నీళ్ళు కదా అంది. బుధవారం కాకుండా మంగళవారం పొద్దున ఎవరూ ఉండరు, తాళం నీకిస్తాను, హాయిగా ఒక్కదానివే చేసుకో అంది. హాయిగా అట.

ఈదొచ్చని సర్జనే చెప్పాడు, బ్యాగు కారదు అన్నాను. నాకు తెలుసే, వాళ్ళ సంగతే చెప్తున్నా అంది. ఆ వాళ్ళెవరో పేర్లు చెప్పు అన్నాను. తాళం సంగతి తేల్చు ముందు అంది.

తాళం అక్కర్లేదన్నాను.

ఆగస్టు 17, బుధవారం

వెళ్ళాను.

మధ్యాహ్నం గిన్నెడు బెర్రీలు తిన్నాను. చర్మం రంగు బ్యాగు పెట్టుకోలేదు. ఔతి ఇచ్చినవాటిలో ఒకటి మిగిలింది, లోపలిది కనపడేది. అదే పెట్టుకున్నాను. చూడాలనుకున్నవాళ్ళు బాగా చూడాలి. ఇల్పో కారులో దింపి, నేనిక్కడే ఉంటాను అన్నాడు. ఎందుకన్నాను. ఊరికే అన్నాడు.

బట్టలు విప్పి తలుపు తీశాను. రాళ్ళ మీద పోసిన నీళ్ళు చుయ్యిమన్న చప్పుడొక్కటే. పై బల్ల ఎక్కి, ఎప్పుడూ కూర్చునే చోట, హిల్కా పక్కనే కూర్చున్నాను. గుమ్మం పక్కన ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. వెళ్ళనీ.

హిల్కా పొయ్యి మీది రాళ్ళ మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోసింది. తర్వాత ఇటు తిరిగింది. ఒంగి మరీ చూసింది. నీలంగా ఉందేమిటే, ఇన్ఫెక్షనా అంది.

బ్లూబెర్రీలు, మధ్యాహ్నం తిన్నాను అన్నాను. నువ్వేం తిన్నావని అడిగాను.

బ్లూబెర్రీ కేకు, రెండు ముక్కలు అంది.

అయితే నీ కడుపులోనూ ఇదే ఉంది హిల్కా. నీది లోపల, నాది బయట. నాది శుభ్రంగా బ్యాగులో కూడా ఉంది అన్నాను.

హిల్కా తన పొట్ట వంక చూసుకుంది. చిన్న పొట్టేం కాదు. అది ముందు ఊగింది, నవ్వు తర్వాత వచ్చింది. కింద బల్ల మీదివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. ఒకావిడ అడిగింది, నొప్పి పుడుతుందా అని. ఇన్ని నెలల్లో ఎవరూ నన్ను అడగని మాట. లేదన్నాను.

సరస్సులోకి అందరికంటే ముందు దూకాను.

కారెక్కాక ఇల్పో నా కళ్ళకేసి చూశాడు. ఏడవలేదులే, పోనియ్యి అన్నాను.

అక్టోబర్ 19, బుధవారం

సౌనాకి కొత్తగా ఒకావిడ వచ్చింది. నా పొట్ట వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. నేను నోరు తెరిచేలోపే హిల్కా అంది, చూసింది చాలు గానీ అమ్మాయ్, రాళ్ళ మీద నీళ్ళు పొయ్యి.

పోసింది.