ఫ్యానుకి విశ్రాంతి వద్దు

మావయ్యా, చెయ్యి వెనక్కి తీసుకోండి. ఈ చీటీ ఫ్యాను స్విచ్చి మీదే ఎందుకు అంటించానో మీకు తెలుసు. మోటారుకి విశ్రాంతి కావాలంటూ నిన్న మిట్టమధ్యాహ్నం దాన్ని ఆపేసి కూర్చున్నారు. నేను పని నుంచి వచ్చేసరికి ఫ్యాను చల్లగా ఉంది, మీ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కిటికీ తెర తియ్యొద్దు. మెడ మీద తడిగుడ్డ వేసుకోండి. దాహం వెయ్యకపోయినా మంచం పక్కన పెట్టిన నీళ్లు తాగుతూ ఉండండి. తల తిరిగితే మొహమాటపడకుండా పక్కింటి టైలరక్కని కేకెయ్యండి, ఆవిడకి చెప్పే వెళ్తున్నా. మిగతా పోట్లాట సాయంత్రం వచ్చి పెట్టుకుంటా.

మీ కోడలు

అన్నట్టు, ఫ్యాను కాలిపోతే పోనివ్వండి. కాలిన మోటార్లకి తీగ చుట్టి బతికించడమే మీ పని కదా, దీన్నీ బతికిస్తారు. మీకేమైనా అయితే బాగుచెయ్యడం ఈ ఇంట్లో ఎవరికీ రాదు.