షార్జాలో చంద్రుడి మాంత్రికుడు

సెప్టెంబర్ 15, ఆదివారం

బాపు ఆడాడు! మల్యాలలో పన్నెండేళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసి, తొమ్మిదేళ్లుగా షార్జాలో సిమెంటు మోస్తున్న మా బాపు కిష్టయ్య ఈ రోజు మాంత్రికుడయ్యాడు.

ఇన్నేళ్లూ వీడియో కాల్ అంటే తిన్నవా, కాలేజికి పోతున్నవా, అమ్మకియ్యి. రెండు నిమిషాలు, అంతే. జగిత్యాల హాస్టల్లో నా రూమ్మేట్ జబీన్ నేర్పిన ఆట గురించి ఇవాళ ఊరికే చెప్పాను. బోర్డు లేదు, పావులు లేవు. కథ నేను చెప్తాను, నీ మనిషి ఏం చేస్తాడో నువ్వు చెప్పాలి, అది జరుగుతుందో లేదో డైస్ తేలుస్తుంది అన్నాను. గిదేం ఆటనే పిచ్చిదానా అన్నాడు. బాపు రూములో పక్క మంచం మీద ఉండే లతీఫ్ చాచాది కోరుట్ల. అయితే నేనాడ్త అని మధ్యలో దూరాడు. దాంతో బాపుకు రోషమొచ్చింది.

ఇరవై ముఖాల డైస్ వాళ్లకెక్కడ దొరుకుతుంది? కూల్‌డ్రింక్ మూతలు ఇరవై ఏరి, నంబర్లు రాసి, పాలపొడి డబ్బాలో వేశారు. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. సూపర్ కదా!

చాచా కత్తి వీరుడు. బాపు చంద్రుడి మాంత్రికుడు. ఆ మాంత్రికుడి రూల్స్ అన్నీ నా సొంతం! ఆకాశంలో చంద్రుడు ఎంతుంటే అతని శక్తి అంత. పున్నమికి ఫుల్ పవర్, వెన్నెలని ఈటెలా విసరొచ్చు, గాయాలు మాన్పొచ్చు. అమావాస్యకి మాత్రం ఒకటే మంత్రం, మాయం. ఎవరికీ కనబడడు.

ఎల్లుండే పున్నమి. బాపు వెన్నెల ఈటెతో ఒక్క దెబ్బకి ముగ్గురు రాక్షసుల్ని కూల్చి, సచ్చిండ్రు కొడుకులు అని అరిచాడు. అమ్మ బీడీలు చుట్టడం ఆపి ఫోన్‌లోకి తొంగి చూసింది. లగ్గమైన కాన్నుంచి ఈ మనిషి గింతసేపు మాట్లాడంగ సూడలే అంది.

సెప్టెంబర్ 22

రెండున్నర గంటలు! బాపే ముందు ఫోన్ చేశాడు.

అక్టోబర్ 3, సాయంత్రం

పెద్ద పంచాయితీ. నిన్న అమావాస్య. ఎంగిలిపూల బతుకమ్మ ఆడి వచ్చి, మాయం మంత్రంతో బాపుని రాక్షసుల కోటలోకి పంపాను. ఇవాళ పాడ్యమి, మంత్రం తీరిపోయింది, బయటపడు అన్నాను. లతీఫ్ చాచా ఒప్పుకోలేదు. క్యాలెండర్ల సూసుడేందమ్మా, నెలవంక కంటికి కనవడాలె, అప్పటిదాంక చంద్రుడు లేనట్టే లెక్క అన్నాడు. రంజాన్ అట్లనే కదా చేస్తం అన్నాడు. బాపు వెంటనే ఆయన పార్టీలో చేరిపోయాడు.

సరే, చూసినవాడి కంటికి ఆనేదాకా మాయం నడుస్తుంది అని రూల్ మార్చాను. ఆటకి ఇదే బాగుంది నిజానికి.

అక్టోబర్ 6

బాపుకి నెలవంక కనబడలేదట. మాకు మొన్ననే కనబడింది. దుమ్మున్నదట అక్కడ.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. సగం చంద్రుడు నెత్తి మీదున్నాడు. బాపు ఇంకా కనవడలే అంటున్నాడు! తొండి! ఎంత తొండి! నవ్వలేక చచ్చాను.

అక్టోబర్ 11

నవ్వినందుకు చెంపలు వాయించుకోవాలి.

తొండి పట్టుకుందామని లతీఫ్ చాచాకి విడిగా ఫోన్ చేశాను. ఆయన ఫోన్ పట్టుకుని రూము బయటికి వచ్చాడు. తర్వాత చెప్పాడు. మీ బాపు అబద్ధమాడుతలేడు బిడ్డా, నెల దినాలాయె రూము ఇడిసి బయటకెళ్లక అన్నాడు. ఆ రూముకి కిటికీ లేదు.

కంపెనీ రెండేళ్ల కిందటే మూతబడిందట. పాస్‌పోర్టు సేటు దగ్గరే పోయింది. అప్పట్నుంచి బాపు కల్లివెల్లి. అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా పనిచేసే మనిషి. ఇప్పుడు చెకింగ్ భయానికి అదీ లేదు. చాచా తిండి పెడుతున్నాడు.

అక్కడి సర్కారు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఇచ్చిందట. ఈ నెల 31 లోపల ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి పేరు చెప్తే జరిమానా లేదు, జైలు లేదు, పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ అనే కాగితమిచ్చి ఇంటికి పంపిస్తారు. బాపు వెళ్లడట. తొమ్మిదేండ్లకు ఉత్త చేతులతోని పోతే ఊర్లె మొకమెట్ల సూపియ్యాలె అంటున్నాడట.

అమ్మకి చెప్పలేదు. ఇరవై రోజులుంది.

అక్టోబర్ 13

కోపం, ఏడుపు, ఆకలి అన్నీ కలిసి వస్తున్నాయి. వెళ్లు బాపూ అని సూటిగా చెప్తే ఫోన్ స్విచాఫ్ చేస్తాడు, నాకు తెలుసు. మా ఇంట్లో అందరం మొండోళ్లమే. కానీ ఆట ఆపడు. ఐడియా వచ్చింది!

అక్టోబర్ 20

కొత్త రూల్ పెట్టాను. ఆకాశంలో చంద్రుడు ఉండగా మాయం కావాలంటే ఒక ధర. వాడిన ప్రతిసారీ మాంత్రికుణ్ని ఎరిగిన ఒక మనిషి అతన్ని పూర్తిగా మర్చిపోతాడు. బాపు ఏమాత్రం ఆలోచించలేదు. రాజు మర్చిపోనియ్యి అన్నాడు. తర్వాత పూటకూళ్లామె. తర్వాత గురువు. చాచా కత్తి వీరుడు కూడా మర్చిపోయాడు. చాచా నిజంగానే అలిగాడు.

అక్టోబర్ 27

ఇప్పుడే అయిపోయింది. వరసగా రాస్తాను.

బాపు కోటలోంచి బయటికి పోయే గేటు దగ్గరికొచ్చాడు. కావలివాళ్లున్నారు. మాయమైత అన్నాడు. సరే, నిన్ను ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారో చూద్దాం అన్నాను. ఎవరూ మిగల్లేదు. ఒక్క బిడ్డే మిగిలింది అన్నాను.

బాపు డబ్బాలో మూతలు కలిపాడు. మర్చిపోతే మళ్ల యాదికస్తదా అని అడిగాడు. రాదు బాపూ, రూలంతే అన్నాను.

అట్లయితే మాయం వద్దు, నడిసే పోత అన్నాడు. కావలివాడు ఆపి పేరడిగాడు. మాంత్రికుడికి పెద్ద పేరే పెట్టుకున్నాడు మొదట్లో. అది చెప్పలేదు. కిష్టయ్య, మల్యాల, జగిత్యాల జిల్లా అన్నాడు.

డబ్బాలోంచి మూత తీశాడు. మూడు. పదిహేను పైన రావాలి. మూడు వస్తే గేటు తెరవకూడదు. తెరిచాను. తొండే. నేనే చేశాను.

అక్టోబర్ 28

ఫోన్ లేదు. మెసేజ్ చూశాడు, జవాబు లేదు.

అక్టోబర్ 29, పొద్దున 10.40

పోయాడు! ఆమ్నెస్టీ లైన్లో నిలబడ్డాడు! చాచా ఫోటో పంపాడు, ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని, మొఖం ముడుచుకుని, నా బాపు! క్లాసులో అరిచేశాను. సార్ బయటికి పొమ్మన్నాడు. కారిడార్లో ఎగిరాను. అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది. ఆయనొచ్చిన దినం అన్నంలకు ఏమొండాలె అని అడిగింది.

నవంబర్ 7

ఔట్‌పాస్ వచ్చింది. 11న ఫ్లైట్.

నవంబర్ 12

పొద్దట్నుంచి బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారిన పోయే ప్రతి ఒక్కరూ ఎన్ని రోజుల సెలవు, ఏం తెచ్చినవ్ అని అడుగుతున్నారు. కంపెనీ మునిగింది, కల్లివెల్లి అయిన, ఉత్త చేతులతోనే అచ్చిన అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాడు. అమ్మ లోపలికి రమ్మని మూడుసార్లు పిలిచింది. సూడనియ్యే, అందర్ని సూడనియ్యి అన్నాడు.