గేటు మూయమన్న నా పాత అర్జీని చింపివేయుట గురించి

ఆనకట్ట ఇంజనీరు గారి సముఖమునకు,
మక్తల్ దగ్గరి ఏటిగడ్డ ఊరిలో చేపలు పట్టుకొని బతికే గుర్వయ్య వ్రాయించుకొన్నది.

విషయం: ఏటి చేపల కొరకు ఆనకట్ట గేటు మరల జానెడు ఎత్తి ఉంచుట గురించి.

అయ్యా,

1. మా ఏటిలో ఊరికొక మడుగు ఉన్నది. ఎండాకాలమంతా అందులో ఎవరూ వల వేయరాదని మా చేపలోళ్ళ కట్టుబాటు. తొలి వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టవలసిన తల్లి చేపలు అందులోనే తలదాచుకుంటాయి. వాటి కొరకు తమరు గేటు జానెడు ఎత్తి నీళ్ళు వదిలేవారు.

2. సదరు నీళ్ళు ముందుగా పై ఊరి మడుగును నింపి, ఆ తర్వాత నేను కాచే మా ఊరి మడుగుకు వచ్చేవి. పై మడుగును కాచేవాడు కాటమయ్య, నా భార్య చెల్లెలి మొగుడు.

3. నా భార్య నర్సింగమ్మకు పొద్దున లేస్తే ఇదే మాట. "మా చెల్లె మొగని మడుగుల చేపలు దూడల లెక్క దుంకుతున్నయంట. నీ దాంట్ల కప్పలన్న ఉన్నయా?" యాభై ఏళ్ళ మనిషిని, ఎంతని ఓర్చుకోను? నాకు కడుపు మండింది.

4. కావున "నీళ్ళు వృథాగా పోతున్నవి, గేటు మూయవలెను" అని పోయిన నెల అర్జీ ఇచ్చినది నేనే. అతని మడుగు ఎండితే చాలనుకున్నాను. అది దాటి వచ్చే నీళ్ళే నావి కూడా అని ఆ మంటలో తోచలేదు. నా ఇతర అర్జీలేవీ కదలలేదు గానీ, దీనికి మాత్రం మూడు రోజులలో గేటు పడింది!

5. ప్రస్తుతం పై మడుగు ఎండిపోయినది. నాది మోకాలి లోతున ఉన్నది. బొచ్చె, రవ్వ చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నవి. పది రోజులలో నీళ్ళు రాకపోతే, వరద వచ్చినా ఎదురెక్కడానికి చేప ఉండదు.

కనుక గేటు ఎత్తించవలెనని, నీళ్ళు ముందు కాటమయ్యకే పోయినా నాకు అభ్యంతరం లేదని (కొంచెం ఉన్నది) మనవి. నా తప్పు పక్కనబెట్టి, చేపల మొహం చూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుర్వయ్య

మరొక మాట: నిన్న కాటమయ్య తన మడుగులో మిగిలిన చేపలను డ్రమ్ములో నీళ్ళు పోసి, ఆటోలో మా ఊరికి తెచ్చినాడు. "నా కాడ ఇగ నీళ్ళు లెవ్వన్నా. గేటు ఎవడు మూయించిండో గాని, వాని చేతులిరగ! గివన్న నీ మడుగుల బతకనియ్యి" అని ఒక్కొక్కటి నా చేతికే అందించినాడు. నేను అందుకొని ఒక్కొక్కదాన్నీ నా మడుగులో వదిలినాను. అయ్యా, అతని చేపలు నావాటి కంటే పెద్దవి. చూస్తే ఇప్పటికీ కండ్లు మండుతున్నవి. కానీ గవి నా మడుగుల సస్తే వానికేం జెప్పాలె సార్? జర జల్ది గేటు లేపుండ్రి.