రెండు వైపులా పలికే తీగలు

అమ్మా, ముందు నీ బెంగ తీర్చేస్తున్నాను: ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

పగలు ఆర్కెస్ట్రాలో నా నిలువెత్తు తీగల వాద్యం డబుల్ బేస్‌ను కమానుతో వాయించాలి, సాయంత్రం జాజ్ బృందంలో అదే వాద్యాన్ని వేళ్ళతో మీటాలి. కమానుకు లొంగే తీగలు మీటితే కాసేపైనా మోగవు. మీటితే మోగేవి కమాను పెడితే కీచుమంటాయి. ఆర్కెస్ట్రా పెద్దాయన, జాజ్ బృందం పెద్దాయన తమకు నచ్చిన తీగలే ఉండాలని నన్ను చెరో పక్కకూ లాగారు. చివరికి రెండింటికీ సరిపడే తీగలు వెతికి కొని, ఆత్రంకొద్దీ పాతవి నాలుగూ ఒకేసారి విప్పేశాను. బిగువు పోయి, లోపల పైచెక్కను మోసే చిన్న కర్ర టక్కున పడిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. బాగుచేసే ఆయన దాన్ని మళ్ళీ నిలబెట్టి, "ఒకటి విప్పి ఒకటి బిగించాలి తల్లీ, ఇల్లు ఖాళీ చేసినట్టు చేస్తే ఎలా?" అని నవ్వాడు.

ఇవాళ ఆ పెద్దలిద్దరూ కొత్త తీగల మోత విన్నారు. ఎవరికి వారు తమ మాటే నెగ్గిందని మురిసిపోయారు. నాన్నకీ నాన్నమ్మకీ మధ్య ఇన్నేళ్ళూ నువ్వెలా నెట్టుకొచ్చావో ఇప్పుడు తెలిసింది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత ఉన్ని దుప్పటి పంపు, వాద్యానికి కప్పాలి. నాన్నకీ నాన్నమ్మకీ దణ్ణాలు. చదివి వినిపించేటప్పుడు ఎవరి దగ్గర వాళ్ళ పేరే ముందు చదువు.